వంటింట్లోకి పిల్లలా? హవ్వ!

తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఇంట్లో వండుకుంటే మంచి తిండి అలవాటవుతుందని ఈ మధ్య కొందరు డాక్టర్లు పనిగట్టుకుని ప్రచారం చేస్తున్నారు. సింహపురి క్షేమం కోరే పౌరుడిగా ఈ విపరీత ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

ముందు కుటుంబ గౌరవం సంగతి చూద్దాం. నెల్లూరులో పుట్టిన ప్రతి మగవాడూ చేపల పులుసు గురించి గంటసేపు ఉపన్యసించగలడు. మట్టి దాకలోనే పెట్టాలంటాడు, పుల్ల మామిడికాయ ముక్కలు పడి తీరాలంటాడు, ఇవాళ వండినదాన్ని రేపు తింటేనే అసలు రుచి అంటాడు. హైదరాబాదులో ఎవరైనా పులుసు వడ్డిస్తే ఒక్క ముద్ద తిని, జాలిగా తల అడ్డంగా ఊపుతాడు. ఇంతటి విద్వాంసుణ్ణి ఆదివారం పూట పొయ్యి ముందు నిలబెట్టి, ఎనిమిదేళ్ళ కొడుకు చేత "నాన్నా, మెంతులు ఎప్పుడు వేయాలి?" అని అడిగిస్తే ఏమవుతుంది? మెంతుల డబ్బా ఏ అరలో ఉందో కూడా ఆయనకు తెలియదని తేలిపోతుంది. తరతరాల ప్రతిష్ఠ పోపులో ఆవగింజలా చిటపటలాడి ఎగిరిపోతుంది.

మా వీధిలో ఒకరింట్లో ఈ దుస్సాహసం జరగనే జరిగింది. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిల్లవాడి ముందు పెట్టారు. వాడు మోచేతుల దాకా పులుపు చేసుకుని పిసికాడు, పిప్పిలో గింజలు ఏరి గట్టు మీద వరసగా పేర్చాడు, వేలు నాకి ఒక కన్ను మూశాడు. తర్వాత బీరకాయలు చేతికిచ్చారు. చేదు కాయ ఉందేమోనని ఒక్కొక్కదాని కొన కోయించుకుని నాలుక మీద పెట్టుకుని మరీ చూశాడు. బీరకాయ పేరెత్తితేనే కంచం తోసేసేవాడు, ఆ పూట బీరపొట్టు పచ్చడిని "నేను చేశాను" అంటూ అందరికీ తలా కాస్త వడ్డించి, మిగిలినది గిన్నె ఊడ్చి తిన్నాడు. "మావాడు కూరగాయలు ముట్టడండీ" అని పదిమందిలో చెప్పుకునే భాగ్యం ఆ తల్లికి అంతటితో పోయింది.

ఇది ఒక్క మా వీధి ముచ్చటే అనుకోకండి. స్విట్జర్లాండులో ఆరు నుంచి పదేళ్ళ వయసున్న 47 మంది పిల్లలతో చేసిన ఒక అధ్యయనం 2014లో అచ్చయింది. తల్లి లేదా తండ్రితో కలిసి వండిన పిల్లలు, పెద్దవాళ్ళే వండిపెడితే తిన్న పిల్లల కంటే 76 శాతం ఎక్కువ సలాడ్ తిన్నారట. మొత్తం మీద తిండి కూడా పెరిగిందట. అంటే కలిసి బజ్జీలు వేస్తే బజ్జీలే ఎక్కువ తింటారన్నమాట. ఏం వండాలో పెద్దవాళ్ళే ఆలోచించుకోవాలి. ఈ అదనపు శ్రమ మనకెందుకు?

ఉప్పు లెక్క ఇంకా ప్రమాదం. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే ఒక చిన్న చెంచా, పిల్లలకు అంతకన్నా తక్కువే. పిల్లల చేతికి ఆ చెంచా ఇచ్చారా, ఇంట్లో ఆడిటరును పెట్టుకున్నట్టే. "కూరలో ఇంత పడింది సరే, మరి ఆవకాయలోది, అప్పడంలోది, పొద్దున తిన్న ఎర్రకారం దోసెలోది ఏ ఖాతాలో రాయాలి?" అని నిలదీస్తారు. ఎండుచేపల వేపుడు పళ్ళెంలో పెట్టుకున్న తండ్రి ఏ ముఖంతో జవాబు చెబుతాడు?

పైగా పిల్లలకు తీరికెక్కడిది? ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది. ఆ టైం టేబుల్లో పప్పు తాలింపుకు పీరియడ్ లేదు. ఆడపిల్లకైతే "రేపు అత్తారింట్లో ఏం చేస్తావు?" అని పాఠం చెప్పేవాళ్ళున్నారు. మగపిల్లవాడికి ఆ బెంగ లేదు. వాడు హాయిగా అమెరికా వెళ్ళి, అక్కడ అర్ధరాత్రి లేచి అమ్మకు ఫోన్ చేసి గ్లాసు బియ్యానికి నీళ్ళెన్నో కనుక్కుంటాడు.

చిరుధాన్యాల మాటకొస్తే, 2023ను ఐక్యరాజ్యసమితి వాటి సంవత్సరంగా ప్రకటించింది. ప్రకాశం మెట్ట పల్లెల్లోని ముసలమ్మలు మాత్రం ఆ ప్రకటన కోసం ఆగకుండా ఎప్పటినుంచో సజ్జ రొట్టెలు తడుతూనే ఉన్నారు. మనవడు పక్కన కూర్చుంటే ఊరికే నేర్పేస్తారు. ఊరికే వచ్చే విద్యకు విలువేముంది? వాడు పెద్దయ్యాక అవే సజ్జలను రంగుల ప్యాకెట్లో పెట్టి అమ్మితే, ధర చూశాక గౌరవం దానంతటదే కలుగుతుంది.

కాబట్టి నా సూచన. వంటింటి గొళ్ళెం పిల్లలకు అందని ఎత్తులో బిగించండి. వంట నేర్చుకుంటామని మరీ మారాం చేస్తే ఫోను చేతికిచ్చి వంటల వీడియో పెట్టండి. మీరూ పక్కనే కూర్చుని మీ ఫోనులో మరొకటి చూడండి. కుటుంబమంతా కలిసి వండినట్టే లెక్క. వీడియోలో తాలింపు పడేలోగా మీరు ఆర్డరిచ్చిన నూడుల్స్ ఎలాగూ గుమ్మంలోకి వస్తాయి. డబ్బులివ్వడానికి మాత్రం ఎవరో ఒకరు లేవాలి.