మొనోవైలో రెండో మనిషి

పదేళ్లలో జనాభాను రెట్టింపు చేసుకున్న ఊరు అమెరికాలో ఒకటుంది. అక్కడ బడి లేదు, పోస్టాఫీసు లేదు, కిరాణా కొట్టు లేదు. చర్చి ఉంది గానీ ప్రార్థనల్లేవు. అయినా 2010కీ 2020కీ మధ్య నూటికి నూరు శాతం వృద్ధి! ఇది ఏ రియల్ ఎస్టేట్ కరపత్రంలోని అంకో కాదు, సాక్షాత్తూ అమెరికా జనాభా లెక్కల సంస్థ ప్రకటించినది. ఊరి పేరు మొనోవై. నెబ్రాస్కా రాష్ట్రం, బాయిడ్ కౌంటీ. 2010లో జనాభా ఒకరు, 2020లో ఇద్దరు.

ఇంత అభివృద్ధి జరిగినా ఊళ్లో సంబరాలేవీ జరగలేదు. ఎందుకంటే ఉన్న ఆ ఒక్కరూ, ఈ ఊళ్లో నేను తప్ప ఇంకెవరూ లేరని పత్రికలవాళ్లకు చెప్పేశారు.

ఆ ఒక్కరి పేరు ఎల్సీ ఐలర్. మన దగ్గరైతే ఎల్సమ్మగారు అనేవాళ్లం. 2000 లెక్కల్లో ఊరి జనాభా ఇద్దరు, ఆమే, భర్త రూడీ. 2004లో ఆయన పోయారు. అప్పటినుంచి మేయరు ఆవిడే, గుమాస్తా ఆవిడే, ఖజానా తాళాలు ఆవిడవే, లైబ్రరీ ఆవిడదే. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క వ్యాపారం, అంటే బారు కమ్ హోటలు, దాన్ని నడిపేదీ ఆవిడే. ఆ బారుకు మద్యం లైసెన్సు కావాలంటే ఊరి పాలకవర్గం ఒప్పుకోవాలి. అర్జీ పెట్టుకునేది ఆవిడ, పుచ్చుకునేది ఆవిడ, పరిశీలించి మంజూరు చేసేది కూడా ఆవిడ. మా జిల్లాలో ఈ మూడు మెట్లూ ఎక్కేలోపు ఎన్ని చేతులు తడపాలో నాకు తెలుసు. మొనోవైలో ఆవిడ గిన్నెలు కడుక్కున్నప్పుడు తప్ప చెయ్యి తడిసిన దాఖలా లేదు.

పన్నుల సంగతీ అంతే. ఏటా తనమీద తానే పన్ను వేసుకుని తన దగ్గర తానే వసూలు చేసుకునేవారు. ఎగ్గొట్టాలంటే తన కంటికి తాను కనబడకుండా తిరగాలి, ఆ విద్య మన పెద్ద పారిశ్రామికవేత్తలకు తప్ప రాదు. ఊళ్లో వీధి దీపాలు నాలుగు. వాటికి రాష్ట్రప్రభుత్వం సొమ్ము రావాలంటే ఏటా రోడ్ల ప్రణాళిక రాసి పంపాలి. పంపారు. మనిషి ఒకరు, దీపాలు నాలుగు. తలసరి వెలుతురులో మొనోవైని కొట్టే నగరం ఉంటే చూపించండి.

ఎన్నికలంటారా? మన తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీ ఎన్నికలు ఏకగ్రీవమైతే నజరానా ఇస్తామని ప్రభుత్వాలు ఊరిస్తుంటాయి. దానికోసం ఊరి పెద్దలు రాత్రుళ్లు కూర్చుని, సర్పంచి పదవిని వేలంపాట పెట్టి మరీ ఏకగ్రీవం సాధిస్తుంటారు. మొనోవైకి ఆ కష్టం లేదు. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెదొకదారి అంటాం కదా, అక్కడ ఊరూ ఉలిపికట్టే ఒక్కరే.

ఇంత ప్రశాంతంగా సాగుతున్న ప్రజాస్వామ్యంలోకి వచ్చాడు రెండో మనిషి.

ఎలా వచ్చాడో జనాభా లెక్కల సంస్థ దగ్గర వివరణ ఉంది. పౌరుల వివరాల్ని రహస్యంగా ఉంచాలన్నది అక్కడి చట్టం. కంప్యూటర్లు ఎంత తెలివి మీరాయంటే, ఏ ఊళ్లో ఎంతమంది, ఏ వయసు, ఏ జాతి అన్న పట్టికలన్నీ కలిపి చూస్తే ఫలానా వివరం ఫలానా మనిషిదని పట్టేయొచ్చు. అందుకని 2020 నుంచి అంకెల్ని కావాలనే కాస్త అటూఇటూ కదిపి ప్రచురిస్తున్నారు. ఊరు చిన్నదయ్యేకొద్దీ ఆ కుదుపు పెద్దగా కనిపిస్తుంది. మొనోవైలో కుదిపితే ఒకటి కాస్తా రెండయింది.

మంచి ఉద్దేశమే. కాకపోతే ఎల్సమ్మగారు ఊళ్లో ఒంటరిగా ఉంటున్నారన్న రహస్యాన్ని కాపాడడానికి ఇంత శాస్త్రం వాడారు, అదే ఊరి పొలిమేరలో రోడ్డు పక్కన ప్రభుత్వంవారే ఆకుపచ్చ బోర్డు పాతి దానిమీద 'మొనోవై 1' అని రాశారు. ఆవిడ వయసు, వృత్తి, భర్త పేరు, వండే హాంబర్గర్ రుచి దేశదేశాల పత్రికలు అచ్చేశాయి. ప్రపంచంలో ఈ రహస్యం తెలియనిది బహుశా రెండో మనిషికే.

నిజానికి ఈ గణితం మనకు కొత్త కాదు. రాజ్యంలో కాకులెన్ని అని రాజుగారు అడిగితే కొలువులోని తెలివైనవాడు ఠక్కున ఒక సంఖ్య చెప్పి, ఎక్కువుంటే బయటినుంచి చుట్టాలొచ్చినట్టు, తక్కువుంటే మన కాకులు చుట్టాలింటికి వెళ్లినట్టు అన్నాడు చూడండి, అదీ ఇది. మనవాళ్లు దాన్ని కాకిలెక్క అని చిన్నచూపు చూశారు. అమెరికావాళ్లు గౌరవంగా ఇంకో పేరు పెట్టి, గణితంలో డాక్టరేట్లున్నవాళ్లను కూర్చోబెట్టి చేయించారు. పోనీ మనం వేలెత్తి చూపుదామా అంటే, మన దేశంలో 2011 తర్వాత లెక్కే లేదు, 2021 నాటిది 2027కు వాయిదా పడింది. లెక్కంటూ ఉంటే కదా తప్పులుండడానికి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రాష్ట్రాల మొత్తం జనాభాను మాత్రం కదపకూడదని వాళ్లే నియమం పెట్టుకున్నారు, పార్లమెంటు సీట్లు పంచేది ఆ అంకెల్ని బట్టే కాబట్టి. నెబ్రాస్కా మొత్తం 19,61,504. అందులో ఒక్కరు పెరగకూడదు, తగ్గకూడదు. అంటే మొనోవైకి ఒక మనిషిని దయచేశారంటే, ఆ రాష్ట్రంలోనే ఇంకెక్కడో ఒక మనిషిని లెక్కలోంచి లేపేశారన్నమాట. ఆ అభాగ్యుడు ఏ ఊళ్లోనో ట్రాక్టరుకు డీజిలు పోయించుకుంటూ, తాను లేనని తెలియక సుఖంగా ఉండి ఉంటాడు.

మనుషుల్ని తమకు వీలైనట్టు లెక్కపెట్టడంలో ఆ దేశానికి పాత అనుభవమే ఉంది. 1787లో రాసుకున్న రాజ్యాంగంలో బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కగట్టారు. పన్ను కట్టని ఆదివాసుల్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. మొనోవై ఉన్నది నయొబ్రారా, మిసోరీ నదుల మధ్య. తూర్పుగా కాస్త దూరం వెళ్తే ఆ రెండు నదులూ కలిసేచోట పోంకాలనే ఆదివాసులుండేవారు. 1877లో సైన్యాన్ని పెట్టి వాళ్లని ఇప్పటి ఓక్లహోమా వైపు తోలేశారు. చాలామంది చచ్చిపోయారు. వాళ్ల పెద్ద స్టాండింగ్ బేర్, చచ్చిపోయిన కొడుకుని సొంత నేలలో పాతిపెడతానని మాటిచ్చి, 1879 జనవరి చలిలో ఆ ఎముకలు తీసుకుని ముప్ఫైమంది దాకా మనుషులతో ఉత్తరానికి నడిచాడు. పట్టుకుని నిర్బంధించారు. ఒమాహాలో కోర్టుకెక్కితే ప్రభుత్వ న్యాయవాది వాదనేమిటంటే, చట్టం దృష్టిలో ఇతను 'మనిషి' కాడు, కాబట్టి కోర్టుకొచ్చే హక్కే లేదని. న్యాయమూర్తి డండీ ఆ మే నెలలో, మనిషేనని తీర్పు చెప్పాడు. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నవాడు మనిషో కాదో తేల్చడానికి కోర్టు పట్టింది. నూట నలభయ్యేళ్ల తర్వాత అదే ప్రాంతంలో, ఎక్కడా లేనివాణ్ణి మనిషిగా గుర్తించడానికి ఒక చిన్న కంప్యూటర్ కుదుపు చాలింది. ప్రగతి అంటే ఇదే.

పోంకాలు పోయాక ఆ చుట్టుపక్కలకు రైతులొచ్చారు. 1902లో రైలొచ్చింది, రైలుతో ఊరొచ్చింది. మొనోవై అంటే ఆదివాసి భాషలో పువ్వట. 1930లలో నూటయాభై మంది దాకా ఉండేవారు. తర్వాత ట్రాక్టరు పెద్దదయింది, పొలం పెద్దదయింది, పదిమంది చేసే పని ఒకడే చేసేశాడు, మిగతా తొమ్మిదిమందీ పట్నం పట్టారు. 1960లో చర్చిలో చివరి అంత్యక్రియలు, ఎల్సమ్మగారి తండ్రివి. 1967కీ 1970కీ మధ్య పోస్టాఫీసూ, మిగిలిన మూడు కిరాణా కొట్లూ మూతపడ్డాయి. 1974లో బడి. 1980లో జనాభా 18, 1990లో 6. ఐలర్ దంపతులు 1971లో అదే ఊళ్లో బారు తెరిచారు. ఊరు ఖాళీ అవుతుంటే కొట్టు తెరిచిన వ్యాపార దృష్టి ఏమిటని అనుకోవచ్చు. కానీ చుట్టుపక్కల పాతిక ముప్ఫై మైళ్ల నుంచి రైతులు తినడానికీ తాగడానికీ అక్కడికే వచ్చేవారు, నడిచింది కూడా. రూడీగారు చదువరి. ఆయన పోయాక అయిదువేల పుస్తకాలతో ఒక గదిలో రూడీ లైబ్రరీ వెలిసింది. బడి పోయింది గానీ తలా అయిదువేల పుస్తకాలు. ఈ ఒక్క విషయంలో నాకు వెటకారం రావడం లేదు.

2018లో ఒక శాండ్‌విచ్ కంపెనీ, ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రకటన పోస్టరు పరచడానికి ఈ ఊరినే ఎంచుకుంది. దాదాపు అయిదెకరాల పోస్టరు! మన నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు సిగ్గుపడాలి. అయితే వాటికీ దీనికీ ఒక పోలిక ఉంది, రెండూ జనం చదవడం కోసం పెట్టినవి కావు.

సరే, ఇప్పుడు రెండో మనిషి హక్కుల సంగతి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఎగతాళి చేయొద్దు. సోమలింగాన్ని ప్రభుత్వమే ధ్రువీకరించింది. ఊరి జనాభాలో అతను సగం. నాలుగు దీపాల్లో రెండు అతనివి. పుస్తకాలు రెండువేల అయిదువందలు అతనివి. తాను కట్టని పన్ను బకాయి కూడా అతనిదే. ముఖ్యంగా, ఇన్నాళ్లకు మొనోవైకి ప్రతిపక్షం దొరికింది. సభకు ఎప్పుడూ రాదు, ఏమీ అడగదు, కాగితం మీద మాత్రం గట్టిగా ఉంటుంది. మన శాసనసభల అలవాటున్నవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు.

అతను ఎవరో తేలే రోజు కూడా ఖాయమైంది. అక్కడ ఇంటింటి జనాభా ఫారాల్ని డెబ్బైరెండేళ్లపాటు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆ తర్వాత పేర్లతో సహా, కుదుపులేవీ లేకుండా, అందరికీ చూపిస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. 2020వి 2092లో తెరుస్తారు. లెక్కల తేదీ కూడా ఏప్రిల్ ఒకటే లెండి, అది వాళ్ల ఇష్టం. ఆ రోజు మొనోవై కాగితం బయటికి తీస్తే దానిమీద ఒక్క ఆడమనిషి పేరు ఉంటుంది. సోమలింగానికి అప్పటికి డెబ్బైరెండు నిండి ఉంటాయి.