ముందు చూసిందెవరు?

ఈమధ్య ఒక కొత్త చాదస్తం బయల్దేరింది. ఒక అమ్మాయిని ప్రేమిస్తే ఆ సంగతి ఆ అమ్మాయికే చెప్పాలట. చెప్పి ఊరుకోవడం కాదు, ఆవిడ ఏమంటుందో కూడా వినాలట. లేనిపోని టెన్షన్ కాకపోతే ఎందుకండీ ఇదంతా? ఆరువందల ఏళ్ల కిందట ఇంగ్లండు కవులు ఈ వ్యవహారం ఎంత పద్ధతిగా నడిపించారో తెలిస్తే ఇలా మాట్లాడరు.

నేను ఎం.ఏ. ఇంగ్లిష్ చదివే రోజుల్లో మా మాస్టారు చాసర్ మీద నోట్స్ చెప్పేవారు. ఆంగ్ల కవిత్వానికి తండ్రి, కామా, 1400లో పోయాడు, ఫుల్‌స్టాప్. షివల్రీ అంటే స్త్రీలను గౌరవించడం అని కూడా రాయించారు. పది మార్కుల ప్రశ్న. అదే రాసి ఏడు తెచ్చుకున్నాను. పరీక్షలయ్యాక పొరపాటున కథ చదివాను.

చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో మొదటి కథ అది. లండన్ పక్కన సదర్క్‌లో టాబర్డ్ అనే సత్రంలో కాంటర్‌బరీ చర్చికి పోయే యాత్రికులు ముప్పైమంది దాకా కలుస్తారు. దారిలో పొద్దుపోవడానికి కథలు చెప్పుకుందామనీ, అందరికంటే బాగా చెప్పినవాళ్లకి తిరిగొచ్చాక మిగతావాళ్ల ఖర్చుతో భోజనం పెట్టిద్దామనీ ఒప్పందం. పుల్లలు లాగితే మొదటి వంతు నైటుకి, అంటే గుర్రమెక్కి యుద్ధాలు చేసే దొరకి, వచ్చింది. ఆయన చెప్పిన కథలో పేర్లు గ్రీకువి, ఊరు ఏథెన్సు. మర్యాదలు మాత్రం అచ్చంగా ఆయన కాలానివే.

పాలమన్, ఆర్సైట్ అక్కచెల్లెళ్ల పిల్లలు. యుద్ధంలో దొరికిపోయి ఏథెన్సు రాజు థీసియస్ కోట బురుజులో యావజ్జీవ ఖైదు అనుభవిస్తున్నారు. మే నెలలో ఒక పొద్దున కింద తోటలో రాజుగారి మరదలు ఎమిలీ పూలు కోసుకుంటుంటే పాలమన్ కిటికీ ఊచల్లోంచి చూసి 'హా' అన్నాడు. ఏమైందిరా అని ఆర్సైట్ వంగి చూశాడు. అంతే, ఇద్దరికీ ప్రేమ. "ముందు నేను చూశాను" అంటాడు పాలమన్. "నువ్వు చూసి దేవతనుకున్నావు, అది భక్తి. నేను ఆడపిల్లని చూశాను, ఇది ప్రేమ. కాబట్టి ముందు ప్రేమించింది నేనే" అంటాడు ఆర్సైట్. లా పాయింటు గట్టిదే. కాళ్లకి సంకెళ్లు, బతికి బయటపడే దారి లేదు, ఆ పిల్ల తలెత్తి చూడనైనా లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటామే, ఇక్కడ సోమలింగం బారసాలకి వంటవాళ్లని కూడా మాట్లాడేసుకున్నారు.

ఆ తగువులోనే ఆర్సైట్ ఒక పోలిక చెప్తాడు. ఎముక కోసం రెండు కుక్కలు పొద్దస్తమానం కొట్టుకుంటే మధ్యలో గద్ద వచ్చి ఎత్తుకుపోయిందట. కుక్కలెవరో తెలుస్తూనే ఉంది. ఎముక ఎవరో నేను చెప్పను. ఏడు మార్కులొచ్చిన మనిషిని.

తర్వాత ఆర్సైట్‌ని వదిలేసి దేశంలోంచి వెళ్లగొడతారు. ఇక్కడ నైటు కథ ఆపి, వినే ప్రేమికులకి ఒక ప్రశ్న వేస్తాడు: రోజూ ఆమెని చూస్తూ జైల్లో ఉన్నవాడి కష్టం ఎక్కువా, ఎక్కడికైనా పోగలిగీ ఆమెని చూడలేనివాడి కష్టం ఎక్కువా? రెండే ఆప్షన్లు. తోటలో ఉన్నావిడ పేపర్లో లేదు.

ఆర్సైట్ దిగులుతో చిక్కి శల్యమై, ఎవరూ గుర్తుపట్టనంతగా మారిపోయి, మారుపేరుతో ఏథెన్సు తిరిగొచ్చి ఎమిలీ ఇంట్లోనే పనికి చేరాడు. కట్టెలు కొట్టాడు, నీళ్లు మోశాడు. ఏడాదో రెండేళ్లో అదే ఇల్లు. నీళ్లు దించేటప్పుడు "అమ్మాయిగారూ, ఒక్క మాట" అన్నాడా? ఊహూ. పనిమంతుడని పేరు తెచ్చుకుని, ప్రమోషన్ మీద రాజుగారి కొలువులోకి వెళ్లిపోయాడు. నిగ్రహమంటే అదీ.

ఏడేళ్ల జైలు తర్వాత పాలమన్ కాపలావాడికి మత్తుమందిచ్చి పారిపోతాడు. అడవిలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆ రాత్రి ఆర్సైట్ అతనికి తిండి, పక్కబట్టలు తెచ్చిచ్చాడు. మర్నాడు రెండు కవచాలు తెచ్చాడు. సొంత అన్నదమ్ముల్లా ఒకరికొకరు తొడిగించుకుని, చీలమండల లోతు నెత్తుట్లో నిలబడి నరుక్కున్నారు. వేటకొచ్చిన థీసియస్ సంగతంతా విని నవ్వాడు. ఈ గొడవ గురించి ఒక కోకిలకో కుందేలుకో ఎంత తెలుసో ఎమిలీకీ అంతే తెలుసు అన్నాడు. ఎమిలీ పక్కనే ఉంది. సరే, ఇప్పుడు తెలిసింది కదా అని ఆవిడ వైపు తిరుగుతాడనుకున్నారా? యాభై వారాల్లో చెరో వందమంది నైట్లతో రండి, గెలిచినవాడికి పిల్లనిస్తానన్నాడు.

ఆ పోటీకి మైలు చుట్టుకొలత ఉన్న బరి కట్టించాడు, గుళ్లతో సహా. పోటీకి ముందు ఎమిలీ డయానా గుళ్లో మొక్కుకుంది. కథ మొత్తంలో ఆవిడ నోరు విప్పి మాట్లాడేది ఇక్కడొక్కచోటే. నాకు వేటంటే ఇష్టం, అడవుల్లో తిరగడమంటే ఇష్టం, పెళ్లొద్దు, పిల్లలొద్దు అంది. ఇద్దరిలో ఒకడితో నీ పెళ్లి ఖాయం, ఎవడో మాత్రం చెప్పను అంది దేవత. ఆర్సైట్ గెలిచాడు, గుర్రం బెదిరి కిందపడి చచ్చిపోయాడు. కొన్నేళ్ల తర్వాత పాలమన్ సొంత ఊరు థీబ్స్‌తో పొత్తు కావాలని పార్లమెంటులో అనుకుని ఎమిలీని పాలమన్‌కి ఇచ్చేశారు. ఎమిలీ ఏమందో కథలో లేదు.

కథల్లో ఎన్నైనా చెప్తారు అనుకునేరు. 1385లో స్కాట్లండు మీదికి వెళ్లిన సైన్యంలో స్క్రోప్, గ్రోవ్‌నర్ అనే ఇద్దరు నైట్ల డాళ్ల మీద వంశపు గుర్తు ఒకటే కనబడింది. నీలం మీద బంగారు రంగు ఏటవాలు పట్టీ. నాదంటే నాదని నైట్ల తగువులు తీర్చే కోర్టుకెక్కారు. వందలమంది సాక్షులు. 1386 అక్టోబరులో ఆ బోనెక్కినవాళ్లలో మన చాసర్ ఒకడు. అప్పటికి ఆయన లండన్ రేవులో పన్నెండేళ్లుగా ఉన్ని సుంకాల లెక్కలు చూసే ఉద్యోగి. ఫ్రైడే స్ట్రీట్‌లో పోతుంటే ఒకచోట ఈ గుర్తు వేలాడుతోందనీ, స్క్రోప్ వాళ్ల బసా అని అడిగితే కాదు గ్రోవ్‌నర్‌ది అన్నారనీ, ఆ పేరు వినడం తనకి అదే మొదలనీ చెప్పాడు. కేసు ఏళ్లు నడిచి స్క్రోప్ గెలిచాడు. గుర్తు ముందు ఎవరిదన్నదే అక్కడా తగువు. ఆ గుర్తుని మాత్రం ఎవరూ అభిప్రాయం అడగలేదు. దానికి నోరు లేదు కాబట్టి అది సబబే.

ఇంత చక్కటి పద్ధతిని పాడుచేసింది అదే కాంటర్‌బరీ యాత్రలో ఉన్న బాత్ ఊరావిడ. ఐదుగురు మొగుళ్లని సాగనంపి, ఆరోవాడొచ్చినా సరేనంటుంది. ఆవిడ చెప్పిన కథలో ఆర్థర్ రాజు కొలువు నైటు ఒకడు ఒంటరిగా పోతున్న పిల్లని చెరుస్తాడు. చట్టం ప్రకారం తల తీసేయాలి. రాణి అడ్డుపడి, ఆడవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా కోరేదేమిటో ఏడాది మీద ఒకరోజు లోపల కనుక్కురా, బతుకుతావు అంటుంది. అంటే ఏమిటి, నైటన్నవాడు ఊరూరా తిరిగి అడగాలన్నమాట! ఒకరు డబ్బన్నారు, ఒకరు పరువన్నారు, ఒకరు మంచి బట్టలన్నారు. చివరికి ఒక ముసలమ్మ చెవిలో ఊదిన జవాబు తెచ్చి అప్పజెప్పాడు. మొగుడి మీద తమ మాట చెల్లడమే ఆడవాళ్లకి కావలసిందని. కన్నెలు, ఇల్లాళ్లు, విధవలు, నిండు కొలువులో ఒక్కరు కూడా కాదనలేదు.

మా మాస్టారు ముందుచూపున్న మనిషి. ఈ కథ సిలబస్‌లో లేదని వదిలేశారు.