పడవకు నామకరణం: ఒక శాస్త్రీయ పరిశీలన

ఇద్దరు స్నేహితులు తెడ్లేసుకుంటూ మహాసముద్రం దాటాలంటే ఏం కావాలి? కండబలం, గుండె నిబ్బరం, తిండి, మంచినీళ్లు అంటూ అమాయకులు చిట్టా విప్పుతారు. అవి కాస్త అటూఇటూ అయినా నడిచిపోతుంది. కావాల్సింది పడవకు సరైన పేరు. సరైన పేరంటే డబ్బున్న మారాజు పేరు.

1896 జూన్ 6న జార్జ్ హార్బో, ఫ్రాంక్ శామ్యూల్‌సన్ న్యూయార్క్‌లో 18 అడుగుల పడవెక్కారు. నార్వే నుంచి వలసొచ్చి న్యూజెర్సీ తీరంలో ఆల్చిప్పలు ఏరుకుని బతికేవాళ్లు. తెరచాప లేదు, ఇంజను లేదు, ఐదు జతల తెడ్లున్నాయి. పడవ పేరు 'ఫాక్స్'. అది 'పోలీస్ గెజెట్' అనే గులాబీరంగు పత్రిక యజమాని రిచర్డ్ కె. ఫాక్స్ గారి ఇంటిపేరు. జూలై 10న పెద్ద అలొచ్చి పడవను బోర్లించింది. తిప్పుకుని ఎక్కేసరికి తిండి చాలావరకు గంగపాలు. కొన్నాళ్లకు 'సీటో' అనే నార్వే ఓడ ఎదురై సరుకులిచ్చింది. మొత్తం 55 రోజులకు, ఆగస్టు 1న, ఇంగ్లండు నైరుతి కొసనున్న సిలీ దీవులు చేరారు. ఫాక్స్ గారు మాత్రం కుర్చీలోంచి లేవకుండానే అట్లాంటిక్ దాటేశారు.

ఇక పేరు చెడితే ఏమవుతుందో చూడండి. 1966లో జాన్ రిడ్జ్‌వే, చే బ్లైత్ అనే బ్రిటిష్ పారాట్రూపర్లు అమెరికాలోని కేప్ కాడ్ నుంచి ఐర్లండుకు బయల్దేరారు. పడవ పేరు 'ఇంగ్లిష్ రోజ్ 3'. గులాబీ పువ్వు దగ్గర చెక్కుబుక్కు ఉంటుందా? 92 రోజులు పట్టింది. దారిలో తుపాన్లొచ్చాయని కొందరంటారు. అవన్నీ సాకులు.

తర్వాతివాళ్లకు ఈ సంగతి బాగానే వంటబట్టింది. 2005 చివర్లో కెనరీ దీవుల్లోని లా గొమేరా నుంచి కరీబియన్ దీవి ఆంటిగ్వాకు తెడ్లేసిన జేమ్స్ క్రాక్‌నెల్, బెన్ ఫోగల్‌ల పడవ పేరు 'స్పిరిట్ ఆఫ్ ఈడీఎఫ్ ఎనర్జీ'. సాక్షాత్తూ కరెంటు కంపెనీ. క్రాక్‌నెల్‌కు రెండు ఒలింపిక్ స్వర్ణాలున్నాయి కానీ పిరుదుల మీది పుండ్లకు స్వర్ణాలతో పనేముంది? ఉప్పు పేరుకున్న బట్ట ఒరుసుకుని చర్మం లేచిపోతుంటే ఇద్దరూ దిసమొలతో తెడ్లేశారు. ఒంటిమీద చొక్కా నిలవదని ముందే తెలిసిన కంపెనీలు పేరును పడవకు రాయించుకుంటాయి; ఆ ముందుచూపు మెచ్చుకోదగ్గది. 49 రోజుల్లో చేరారు. (అది వేరే దారి, అక్కడ గాలి వెనకనుంచి తోస్తుందన్న అభ్యంతరం నా సిద్ధాంతానికి అడ్డొస్తోంది కనుక కొట్టేస్తున్నాను.)

హార్బో జంట 55 రోజుల రికార్డు 114 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2010లో నలుగురు అదే దారిలో 43 రోజుల్లో దాన్ని బద్దలుకొట్టారు. పడవ పేరు 'ఆర్టెమిస్ ఇన్వెస్ట్‌మెంట్స్'. సాక్షాత్తూ పెట్టుబడుల కంపెనీ. ఇంకేం చెప్పాలి?

ఇంకా నమ్మనివాళ్లు హార్బో, శామ్యూల్‌సన్‌ల తిరుగు ప్రయాణం చూడండి. ఈసారి దర్జాగా స్టీమరెక్కారు, పడవనూ ఎక్కించారు. అమెరికా దగ్గర పడుతుండగా బొగ్గు అయిపోయిందట. కర్రసామానంతా పొయ్యిలో వేసి చివరికి 'ఫాక్స్' మీద కన్నేస్తే, స్నేహితులిద్దరూ దాన్ని నీళ్లలోకి దించుకుని న్యూయార్క్‌కు తెడ్లేసుకుంటూ పోయారని చెబుతారు. ఆ స్టీమరు పేరు 'ఐలాండ్'. అలాంటి పేరు పెట్టుకుంటే బొగ్గెవరు పోస్తారు? ఏ బొగ్గు గని ఆసామి పేరో తగిలించుకోవాల్సింది.