చూడ, జాడ: యతి తప్పలేదు

వేమన ‘ఉప్పు కప్పురంబు’ పద్యం రెండో పాదం “చూడ చూడ రుచుల జాడ వేరు”లో యతి (పాదం మొదటి అక్షరానికి, నడుమ నియమిత స్థానంలోని అక్షరానికి జత కుదరడం) తప్పిందని, వేమనకు ఛందస్సు పట్టదని ఒక వ్యాసకర్త తేల్చేశారు. తొందరపడ్డారు. ఇక్కడ జత కుదరాల్సినవి ‘చూ’, ‘జా’; హల్లులు చ, జ లకు మైత్రి ఉన్నా అచ్చులు ఊ, ఆ లకు పొసగదు, అంతవరకు నిజమే. కానీ ఈ పద్యం ఛందస్సైన ఆటవెలదిలో యతికి బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం, చెల్లుతుంది. చూడ, జాడ: రెండో అక్షరం రెండు చోట్లా ‘డ’, దాని ముందున్నవి రెండూ దీర్ఘాలు, అంటే గురువులే. ఇంకేమి కావాలి? గణాలు (పాదంలోని అక్షరాల గుంపులు) కూడా సరిగ్గా ఐదు సూర్యగణాలు: నాలుగు ‘చూడ’ లాంటి గురువు, లఘువు (పొట్టి అక్షరం) జంటలు, నడుమ ‘రుచుల’ మూడు లఘువుల నగణం. పై పాదం “ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు”లో ‘ఉప్పు’కు ‘నొక్క’ పడింది. అక్కడ ఉ, (‘నొక్క’లోని) ఒ అచ్చుల మైత్రి. 1829లోనే వేమన పద్యాలను అచ్చువేయించిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ పేరిట మా కడపలో గ్రంథాలయమే ఉంది, ఇక్కడివాళ్లం ఇలాంటి మాట వింటూ ఊరుకోలేం. మూడో పాదం “పురుషులందు పుణ్య పురుషులు వేరయా”లో యతి పు, పు. నాలుగో పాదం “విశ్వదాభిరామ వినురవేమ”లో వి, వి. వాటి ఊసు వ్యాసంలో ఎందుకు లేదో?