ఎమర్జెన్సీకి షష్టిపూర్తి

అమెరికాలో ఒక ఎమర్జెన్సీకి 2039 నవంబరు 14న షష్టిపూర్తి. ఇంకా టైముంది గానీ, కల్యాణమండపం ఇప్పుడే మాట్లాడుకుంటే మంచిది. దాని ఆరోగ్యం దివ్యంగా ఉంది మరి.

ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో అమెరికా దౌత్య సిబ్బందిని బందీలుగా పట్టుకున్న పదో రోజున, 1979 నవంబరు 14న, అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దాన్ని ప్రకటించారు. బందీలు 444 రోజుల తర్వాత, 1981 జనవరి 20న, ఇళ్ళకు చేరే దారి పట్టారు. ఎమర్జెన్సీని మాత్రం ఎవరూ విడిపించలేదు. ఏటా నవంబరులో వైట్‌హౌస్ నుంచి ఓ నోటీసు వస్తుంది: ఇరాన్‌తో సంబంధాలు ఇంకా మామూలు స్థితికి రాలేదనీ, 1981 జనవరి 19 నాటి ఒప్పందాల అమలు ఇంకా సాగుతూనే ఉందనీ దాని సారాంశం. మన ఊరి కాలువ వంతెన పనులే నయం, మధ్యలో శిలాఫలకమైనా మారుతుంది. ఇక్కడ ఎనిమిది మంది అధ్యక్షులు మారారు, వాక్యం మారలేదు.

ఎమర్జెన్సీని పెంచి పోషించడం ఎంత తేలికో సామాన్య పాఠకులకు తెలియకపోవచ్చు. పుట్టిన తేదీకి ముందు 90 రోజుల్లోపు ‘కొనసాగిస్తున్నాం’ అని ఒక నోటీసు రాయాలి. ఒక ప్రతి కాంగ్రెస్‌కు (వాళ్ళ పార్లమెంటుకు అదే పేరు, మన కాంగ్రెస్ పార్టీతో చుట్టరికం లేదు), ఒక ప్రతి ఫెడరల్ రిజిస్టర్ అనే గెజిట్‌కు పంపాలి. అంతే, ఇంకో ఏడాది గ్రాసం దొరికినట్టే. విదేశీ ఆంక్షల రకమైతే ‘అసాధారణమైన ముప్పు’ అన్న మాట తప్పనిసరి. నలభై ఏళ్ళకు పైగా ప్రతి సంవత్సరం ఎదురయ్యే ముప్పును అసాధారణం అనడానికి ఎంతో నిగ్రహం కావాలి. ఇలాంటి ఎమర్జెన్సీలు ఇప్పుడు నలభైకి పైగా బతికున్నాయి.

తమాషా ఏమిటంటే, ఎమర్జెన్సీలు ఇలా ముసలితనం దాకా బతకకూడదనే ఈ నోటీసుల నియమం ఉన్న చట్టం చేశారు. 1970ల్లో ఫ్రాంక్ చర్చ్, చార్లెస్ మథియాస్ అనే ఇద్దరు సెనేటర్లు నడిపిన కమిటీ అటకమీది సామాను దించి చూస్తే నాలుగు ఎమర్జెన్సీలు కళ్ళు మిటకరిస్తూ కనిపించాయి. 1933లో రూజ్‌వెల్ట్ బ్యాంకులకు తాళం వేయించినది ఒకటి, 1950లో కొరియా యుద్ధానిది ఇంకొకటి, 1970లో తపాలా సమ్మెకు నిక్సన్ పెట్టినది మూడోది, ఆయనే 1971లో వాణిజ్య చెల్లింపుల కోసం పెట్టినది నాలుగోది. బ్యాంకులు తెరుచుకుని నలభై ఏళ్ళయింది. పోస్ట్‌మేన్లు ఎప్పుడో డ్యూటీలో చేరారు. వాటి చాటున అధ్యక్షుడి చేతికి అందే చట్ట నిబంధనలు మాత్రం 470 తేలాయి. దాంతో 1976 సెప్టెంబరు 14న జాతీయ అత్యవసరాల చట్టం మీద ఫోర్డ్ సంతకం పెట్టారు. పాత అధికారాలన్నిటికీ రెండేళ్ళ గడువిచ్చారు. 1978 సెప్టెంబరు 14 నాటికి ఇల్లు శుభ్రమైంది. సరిగ్గా పద్నాలుగు నెలలకు ఇరాన్ ఎమర్జెన్సీ గృహప్రవేశం చేసింది.

ఆ చట్టంలో ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. రెండు సభలూ మామూలు మెజారిటీతో తీర్మానం చేస్తే చాలు, అధ్యక్షుడి సంతకంతో పనిలేకుండా ఎమర్జెన్సీ రద్దయ్యేది. ఆ అస్త్రం ఎలా పోయిందో మన వాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి, ఎందుకంటే మూలం ఒక స్టూడెంట్ వీసా. జగదీశ్ రాయ్ చద్దా కెన్యాలో పుట్టిన భారత సంతతి కుర్రాడు, బ్రిటిష్ పాస్‌పోర్టు. చదువుకోడానికి అమెరికా వెళ్ళాడు, 1972లో వీసా గడువు తీరింది. ఇమిగ్రేషన్ జడ్జి దయతలచి ఉండనిచ్చాడు. ప్రతినిధుల సభ మాత్రం తన ‘శాసన వీటో’ ఉపయోగించి, కుదరదు పొమ్మంది. కేసు సుప్రీంకోర్టుకెక్కింది. అధ్యక్షుడి ముందు పెట్టకుండా సభలు తమంతట తాము ఇలా వీటో చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని 1983లో తీర్పొచ్చింది. చద్దా దేశంలో మిగిలాడు. ఆ దెబ్బకు ఎమర్జెన్సీని రద్దు చేసే అస్త్రం కూడా తుస్సుమంది. 1985లో చట్టం సవరించి ‘ఉమ్మడి తీర్మానం’ అన్నారు. అంటే అధ్యక్షుడు సంతకం పెట్టాలి, లేదా ఆయన వీటోను రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లతో తోసిపుచ్చాలి. ఎమర్జెన్సీ పెట్టిన పెద్దమనిషినే ‘దీన్ని తీసేయమంటారా?’ అని అడగడమన్నమాట. దొంగకే తాళంచెవి ఇవ్వడం అనకూడదు. రాజ్యాంగబద్ధమైన ఏర్పాటది.

ఇక్కడ మన 352వ అధికరణంతో పోల్చాలనిపిస్తుంది. 1975 నాటి చేదు తిన్నాక 44వ సవరణ తెచ్చాం. ఆరు నెలలకోసారి పార్లమెంటు మళ్ళీ ఆమోదించకపోతే ఎమర్జెన్సీ తనంతట తానే పోతుంది. లోక్‌సభలో పదో వంతు సభ్యులు నోటీసిస్తే 14 రోజుల్లో ప్రత్యేకంగా సమావేశం కావాలి, మామూలు మెజారిటీతో వద్దంటే రాష్ట్రపతి రద్దు చేసి తీరాలి. మనకు సభ నోరు మూసుకుంటే ఎమర్జెన్సీ చస్తుంది. వాళ్ళకు సభ నోరు మూసుకుంటే బతుకుతుంది. నోరు మూసుకోవడంలో ఏ దేశ చట్టసభా తీసిపోదు కాబట్టి, తేడా అంతా అక్కడే వచ్చింది.

నిజానికి వాళ్ళ చట్టంలోనూ ఆరు నెలల నియమం ఉంది. ప్రతి ఎమర్జెన్సీ మీదా ఆరు నెలలకోసారి రెండు సభలూ సమావేశమై, రద్దు ఓటు గురించి ఆలోచించాలి. చట్టంలో ఉన్న మాట ‘తప్పక’. నాలుగు దశాబ్దాల పాటు ఆ ‘తప్పక’ను ఎవరూ నిద్ర లేపలేదు.

2019లో లేపారు. మెక్సికో సరిహద్దు గోడకు తాను అడిగినంత డబ్బు కాంగ్రెస్ ఇవ్వలేదని ఫిబ్రవరి 15న ట్రంప్ ఎమర్జెన్సీ పెట్టారు. ఇది నాకు అవసరం లేదు, కాకపోతే పని త్వరగా అవుతుందని అదే రోజు మైకులో చెప్పారు కూడా. అంత నిజాయితీని చట్టం ఊహించలేదు. ప్రతినిధుల సభ 245-182తో, సెనేట్ 59-41తో రద్దు చేయమన్నాయి. మార్చి 15న వీటో. తోసిపుచ్చే ఓటు 248-181 దగ్గర ఆగింది, 38 తక్కువ. చట్టం ప్రకారం ఆరు నెలలకు మళ్ళీ ఓటు, మళ్ళీ రెండు సభల్లో గెలుపు, అక్టోబరులో మళ్ళీ వీటో, సెనేట్‌లో 53-36తో మళ్ళీ ఓటమి. ఈలోగా 127 సైనిక నిర్మాణాలకు కేటాయించిన 360 కోట్ల డాలర్లు గోడవైపు నడిచాయి. వాటిలో సైనికుల పిల్లల బడి కూడా ఉంది.

కాంగ్రెస్ గెలిచిన సందర్భం లేకపోలేదు. కోవిడ్ ఎమర్జెన్సీ రద్దు తీర్మానం 2023లో ప్రతినిధుల సభలో 229-197తో, సెనేట్‌లో 68-23తో నెగ్గింది. ఏప్రిల్ 10న బైడెన్ సంతకం పెట్టారు. చట్టం పుట్టిన 47వ ఏట తొలి విజయం! వైట్‌హౌస్ దాన్ని ఎలాగూ మే 11న ముగిస్తానని అప్పటికే చెప్పి ఉంది. అంటే గెలుపు విలువ 31 రోజులు. ఆ ఊపులో అదే ఏడాది జులైలో ఇరాక్, సిరియా, కాంగో, లిబియా, యెమెన్ ఎమర్జెన్సీల మీద ప్రతినిధుల సభలో ఓటు పెట్టించారు. అయిదూ ఓడిపోయాయి. ఆంక్షలన్నీ ఆ కాగితాలకే వేలాడుతున్నాయి మరి, కొక్కెం పీకితే బట్టలన్నీ కింద పడతాయి.

చట్టంలో మిగిలిన పదునల్లా గడువులదే. రద్దు తీర్మానం పెడితే కమిటీ 15 రోజుల్లో బయటికి పంపాలి, సభ మూడు రోజుల్లో ఓటు వేయాలి. నాయకత్వం తొక్కిపెట్టడానికి వీల్లేదు. 2025లో కెనడా మీద సుంకాలకు ట్రంప్ పెట్టిన ఎమర్జెన్సీ మీద ఆ గడువు దగ్గరపడుతుంటే ప్రతినిధుల సభ మార్చి 11న 216-214తో ఒక నియమం చేసింది: ఈ విషయంలో సమావేశాల సంవత్సరం ముగిసేదాకా ఏ రోజూ గడువు లెక్కకు రోజు కాదు! మనకు మూఢం రావాలంటే గురుడో శుక్రుడో అస్తమించాలి. వాళ్ళకు రూల్స్ కమిటీ చాలు. ఏప్రిల్ 2న ప్రపంచం మొత్తం మీద వేసిన సుంకాల ఎమర్జెన్సీకీ ఏప్రిల్ 9న ఇదే మూఢం పెట్టారు, మొదట సెప్టెంబరు 30 దాకా, తర్వాత 2026 జనవరి 31 దాకా. సెనేట్‌కు ఈ పంచాంగం లేదు. అక్కడ కెనడా తీర్మానం 51-48తో నెగ్గింది. ప్రపంచ సుంకాల తీర్మానం మాత్రం ఇద్దరు రాకపోవడంతో 49-49 దగ్గర పడిపోయింది, అక్టోబరులో 51-47తో లేచింది. లేచి ఎక్కడికి వెళ్ళాలి? రోజులు ఆగిపోయిన సభకే.

ఈ ఖగోళశాస్త్రం భీమవరం రొయ్యల చెరువుల దాకా వచ్చింది. 2025 ఆగస్టు 7న భారత్ సరుకు మీద పడిన 25 శాతం సుంకానికి ఆధారం ఏప్రిల్ ఎమర్జెన్సీ. ఆగస్టు 27న రష్యా చమురు కొంటున్నామని పడిన మరో 25 శాతానికి ఆధారం రష్యా మీద 2021లో పెట్టి, 2022లో విస్తరించిన ఎమర్జెన్సీ. అప్పట్లో ఒక్కో రొయ్య నెత్తిన రెండేసి, అదీ పాత యాంటీ డంపింగ్ సుంకం వేరుగా. ఆగస్టు 7న చెరువులో వదిలిన వనామీ పిల్ల వంద రోజులకి, ఇరాన్ ఎమర్జెన్సీ పుట్టినరోజు వేళకి, 40-50 కౌంట్‌కు (కిలోకు అన్ని రొయ్యలు) ఎదిగి పట్టుబడికి వచ్చేస్తుంది. ప్రతినిధుల సభ క్యాలెండర్‌లో అప్పటికింకా ఏప్రిల్ 9.