జెండా పాట ధర అన్ని బస్తాలకూ రాదు

అహ్మదాబాద్‌కు 2030 కామన్వెల్త్ క్రీడలు ఖరారైన నాటి నుంచి హనుమకొండ, కాజీపేట వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: అంతర్జాతీయ క్రీడలు నిర్వహించిన ప్రతి నగరమూ లాభపడింది, అందుకే వాటి కోసం ప్రపంచమంతా ఎగబడుతోంది, ఓరుగల్లుకు విమానాశ్రయం, మంచి రోడ్లు, మేటి క్రీడాకారులు రావాలంటే మనమూ బిడ్ వేయాల్సిందే. ఊరి మీది ప్రేమతోనే చాలామంది దీన్ని పంచుకుంటున్నారు. ఆ ప్రేమ నాకూ ఉంది కనుకనే, ఇందులోని మాటలు నిజం కావని చెప్పడం అవసరమనిపించింది.

మొదటిది లాభం మాట. సందేశంలో ఇచ్చిన ఉదాహరణలు రెండే, లాస్ ఏంజెలెస్, బార్సిలోనా. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లిన ఏ రైతునడిగినా చెబుతాడు, జెండా పాట ఆ రోజు వచ్చిన మేలైన సరుకుకు పలికే ధర మాత్రమేనని, మిగతా బస్తాలకు ఆ ధర రాదని. ఈ రెండు నగరాలూ అలాంటి జెండా పాటలే. 1984 ఒలింపిక్స్ పోటీ నుంచి టెహ్రాన్ తప్పుకోవడంతో లాస్ ఏంజెలెస్ ఒక్కటే బరిలో మిగిలింది. దాంతో, నష్టం వస్తే నగర ఖజానా భరించదన్న షరతుకు ఒలింపిక్ కమిటీని ఒప్పించగలిగింది, 1932లో ఒలింపిక్స్ జరిగిన పాత స్టేడియంనే మళ్లీ వాడుకుంది, చివరికి 20 కోట్ల డాలర్లకు పైగా మిగుల్చుకుంది. పోటీదారు లేకపోవడమే ఆ నగరానికి కలిసొచ్చింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1976లో, ఒలింపిక్స్ జరిపిన మాంట్రియల్ సంగతి సందేశంలో లేదు. ఆ అప్పు తీరేసరికి 2006 వచ్చింది. ఆటలు చూసిన తరమే కాక ఆ తర్వాత పుట్టినవారు కూడా పొగాకు పన్ను రూపంలో దాన్ని కట్టారు.

ప్రపంచం ఎగబడుతోందన్నది పాతకాలపు మాట. 2024 ఒలింపిక్స్ బరి నుంచి బోస్టన్, రోమ్, బుడాపెస్ట్ తప్పుకున్నాయి. హాంబర్గ్‌లో ఓటింగ్ పెడితే ప్రజలే వద్దన్నారు. చివరికి పారిస్, లాస్ ఏంజెలెస్ మాత్రమే మిగలడంతో 2017లో 2024, 2028 క్రీడలను ఒకేసారి ఆ రెండింటికీ పంచేశారు. కామన్వెల్త్ క్రీడల పరిస్థితి ఇంకా పలుచన. 2022 క్రీడలను డర్బన్ నిలబెట్టుకోలేకపోయింది, 2026 క్రీడలను ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఖర్చుకు భయపడి 2023లో వదులుకుంది, గ్లాస్గో ముందుకొచ్చి పది క్రీడాంశాలకే పరిమితం చేసుకుంది.

అసలు పోటీ గట్టిగా ఉన్నచోట ఏం జరుగుతుందో మన దేశానికే అనుభవం. 2003 నవంబరులో జమైకాలోని మాంటెగో బేలో జరిగిన ఓటింగ్‌లో ఢిల్లీ 46 ఓట్లతో కెనడా నగరం హామిల్టన్‌ను ఓడించి 2010 కామన్వెల్త్ క్రీడలను గెలుచుకుంది. ఓటింగ్‌కు ముందు, పాల్గొనే ప్రతి దేశానికీ శిక్షణ కోసం లక్ష డాలర్లు ఇస్తామని మన బృందం ప్రకటించింది. పాటలో పైచేయి కోసం పలికిన ధర అది, చెల్లించింది మాత్రం ప్రజాధనం. మిర్చి కొనే వ్యాపారి బస్తా విప్పి, నాలుగు కాయలు అరచేతిలో నలిపి చూసి మరీ ధర చెబుతాడు. ఇక్కడ మాత్రం ఏడేళ్ల తర్వాత ఎంతవుతుందో తెలియకుండానే మాట ఇచ్చేస్తారు. ఆ క్రీడల ఖర్చు 18,000 కోట్ల రూపాయలు దాటినట్టు కాగ్ నివేదిక లెక్కకట్టింది.

విమానాశ్రయం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1981లో మూతపడ్డ మన మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఏ క్రీడల కోసమూ కాదు. బార్సిలోనా విషయంలోనూ అంతే. సముద్రతీరాన్ని, రింగు రోడ్లను బాగుచేసుకోవాలన్న ప్రణాళిక ఆ నగరానికి ముందే ఉంది, 1992 ఒలింపిక్స్ దానికి తోడయ్యాయి. ప్రణాళిక లేని ఊరికి ఆటలు వస్తే అప్పే మిగులుతుంది. ఏథెన్స్‌లో 2004 తర్వాత బీడుపడ్డ క్రీడా ప్రాంగణాలే అందుకు సాక్ష్యం.

ఇక క్రీడాకారుల మాట. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. నిఖత్ జరీన్ నిజామాబాద్ నుంచి వెళ్లి 2022లోనూ 2023లోనూ ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయ్యింది. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో తన విభాగంలో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో 400 మీటర్ల స్వర్ణం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. నిజామాబాద్‌లో గానీ కల్లెడలో గానీ ఒలింపిక్స్ జరగలేదు. ఆ పిల్లలలోని ఒడుపును చిన్ననాడే గుర్తించి, రోజూ సాధన చేయించినవారు ఉన్నారు కనుకనే అది సాధ్యమైంది.

మనకు ఏ స్థాయి పోటీలు కావాలో మన హనుమకొండకే తెలుసు. 2021 సెప్టెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 నుంచి చెక్కుచెదరని సునీతారాణి జాతీయ రికార్డును బద్దలు కొట్టింది మన ట్రాక్ మీదే. ఇలాంటి పోటీ ఏటా ఒకటి ఇమ్మని, పాఠశాలల్లో ఖాళీగా ఉన్న వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులు నింపమని అడగడానికి బిడ్ పత్రాలు అక్కర్లేదు. పొద్దున ఆ ట్రాక్ దగ్గరికి వెళితే, దూరపు ఊళ్ల నుంచి తొలి బస్సు పట్టుకుని వచ్చిన పిల్లలు లేసులు బిగించుకుంటూ కనిపిస్తారు. ఒకే జత స్పైక్స్‌ను ఇద్దరు ఆడపిల్లలు వంతులవారీగా తొడుక్కుని పరుగెత్తడం నేను అక్కడే చూశాను.