సీసాకి కాగితం చుట్టి చూడండి

కిందటి నెల ఒక సాయంత్రం ఆరుగురు స్నేహితులం కూర్చున్నాం. నాలుగు రెడ్ వైన్ సీసాలకి పాత న్యూస్‌పేపర్ చుట్టి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేశాను. ఏది ఏదో నాకు కూడా తెలియకూడదని పక్క గదిలో ఒక స్నేహితుడి చేత వాటి వరస మార్పించి, స్కెచ్ పెన్‌తో అంకెలు వేయించాను. తాగి, ఎవరి వరస వాళ్లు చీటీ మీద రాశారు. కాగితాలు విప్పాక చూస్తే నాలుగింటిలోకీ ఖరీదైనది మూడో స్థానంలో ఉంది. ఎక్కువమందికి నచ్చినది ధరలో కింద నుంచి రెండోది. ఖరీదైనదాన్ని అన్నిటికంటే అడుగున పెట్టిన స్నేహితురాలు దాని లేబుల్ చూసి, మళ్లీ ఒక గుక్క తాగి, "ఇప్పుడు బాగుందే!" అంది.

ఆమె మొహమాటానికి అన్న మాట కాదది. 2008లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మనుషులను స్కానర్‌లో పడుకోబెట్టి ఒకే వైన్‌ని రెండు ధరలు చెప్పి తాగించారు. రెండో ధర మొదటిదానికి తొమ్మిది రెట్లు. ఎక్కువ ధర విన్నప్పుడు వాళ్లకు అది ఎక్కువ నచ్చింది, మెదడులో ఇష్టానికి సంబంధించిన భాగం కూడా ఎక్కువ చురుగ్గా పనిచేసింది. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో 6,000కి పైగా బ్లైండ్ టేస్టింగ్‌లను, అంటే సీసా కనపడకుండా రుచి చూడడాలను, పరిశీలించారు. ధర తెలియనప్పుడు, వైన్‌లో శిక్షణ లేని మామూలు మనుషులకు సగటున ఖరీదైనవి ఒక పిసరు తక్కువే నచ్చాయి.

"అయితే ఏం? ఆనందం నిజమే కదా, ధర వల్ల వస్తే నష్టమేంటి?" అని అడిగేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అంకె చూసి వచ్చే ఆనందానికి ప్రతిసారీ ఇంకాస్త పెద్ద అంకె కావాలి. నాలుక చెప్పేది వినడం నేర్చుకుంటే ఆ అవసరమే ఉండదు.

అసలు మనం ఇచ్చే డబ్బు ఎక్కడికి పోతుందో చూద్దాం. సీసా, మూత, లేబుల్, రవాణా ఖర్చు లోపల ఏ వైన్ ఉన్నా పెద్దగా మారవు. అందుకే అన్నిటికంటే చవకైన సీసాలో ద్రాక్షకి వెళ్లే వాటా చాలా చిన్నది. ఒకటి రెండు మెట్లు పైకెక్కితే, అదనంగా ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం వైన్‌కే చేరుతుంది. కాబట్టి చవకగా దొరకడం వేరు, గిట్టుబాటు కావడం వేరు. ఇంకా పైకి వెళ్తే చేతితో కోసిన పండు, తీగకి తక్కువ కాపు, కొత్త ఓక్ చెక్క పీపా. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వాడే పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. కొత్త ఫ్రెంచ్ ఓక్ అయితే ఆ ఖర్చంతా ఆ 300 సీసాల మీదే పడుతుంది. ఇంతవరకూ ఇచ్చిన డబ్బు నోటికి తెలుస్తుంది. ఆ పైన కొనేది ఊరి పేరు, దొరకకపోవడం. ఫ్రాన్స్‌లోనే బర్గండీలో క్లో ద వూజో అనే ఒక్క ద్రాక్షతోట సుమారు 50 హెక్టార్లు, దానికి యజమానులు 80 మంది దాకా ఉన్నారు. అంత చిన్న చెక్కల నుంచి వచ్చే వైన్‌కి ప్రపంచమంతా ఎగబడితే ధర ఆకాశానికే పోతుంది. అది వైన్ తప్పు కాదు, కానీ ఆ ఎగబాటుకి మనం డబ్బు కట్టాల్సిన పనీ లేదు.

పేరు ఎలా పుడుతుందో కూడా గుర్తుంచుకోవాలి. బోర్డో వైన్‌లకి 1855లో వేసిన శ్రేణుల పట్టిక దళారులు అప్పటి అమ్మకం ధరలు చూసి తయారుచేసినది. ఆ తర్వాత రెండో శ్రేణి నుంచి మొదటి శ్రేణికి ఎక్కినది ఒక్కటే, 1973లో మూటాన్ రోత్‌షీల్డ్. మరో మూడేళ్లకి, 1976లో, పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ పెట్టిన బ్లైండ్ టేస్టింగ్‌లో ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలే రెడ్‌లో స్టాగ్స్ లీప్‌కి, వైట్‌లో షాటో మాంటెలీనాకి మొదటి స్థానం ఇచ్చారు. రెండూ కాలిఫోర్నియావి. లేబుల్ కనిపించి ఉంటే అలా జరిగేదంటే నేను నమ్మను. ఇప్పుడు ఆ రెండూ ఖరీదైన పేర్లే. పేరు వచ్చిన చోటికి ధర వెంటపడి వస్తుంది కాబట్టి, మనం వెతకాల్సింది పేరు ఇంకా చేరని చోట, లేదా ఒకప్పుడు చేరి ఇప్పుడు ఫ్యాషన్ తగ్గిన చోట.

నా లెక్కలో కాలానికి ఇచ్చే డబ్బుకి మించిన బేరం లేదు. స్పెయిన్‌లో రియోహా చూడండి. అక్కడ రెసెర్వా అని రాయాలంటే రెడ్ వైన్ కనీసం మూడేళ్లు ఆగాలి, అందులో ఒక ఏడాది పీపాలో. గ్రాన్ రెసెర్వాకి అయిదేళ్లు. అంటే మన బదులు వాళ్లే దాచిపెట్టి, తాగడానికి సిద్ధమయ్యాక అమ్ముతున్నారు. అదే అమెరికాలో లేబుల్ మీద రిజర్వ్ అన్న మాటకి చట్టంలో అర్థమే లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. బుడగల వైన్ కావాలంటే స్పెయిన్ కావా, ఫ్రాన్స్‌లోనే షాంపేన్ ప్రాంతం బయట చేసే క్రెమాన్ ఉన్నాయి. షాంపేన్‌లాగే వీటికీ రెండోసారి పులియడం సీసాలోనే జరుగుతుంది. కావా సీసాలో మిగిలే ఈస్ట్ మడ్డి మీద కనీసం 9 నెలలు ఉంటే, మామూలు షాంపేన్ మొత్తం 15 నెలలు ఆగాలి. తేడా లేదనను; షాంపేన్‌కి అక్కడి చల్లటి వాతావరణం, ఆ సుద్దనేల ఇచ్చే పదును వేరు. కానీ ధరలో ఉన్నంత తేడా గ్లాసులో నాకెప్పుడూ కనిపించలేదు. ఇంకా దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాంక్, జర్మనీ రీస్లింగ్, పోర్చుగల్ రెడ్‌లు, ఫ్రాన్స్ వైట్ మస్కడే, స్పెయిన్ షెరీ. వీటిలో దేన్నీ గొప్ప కోసం ఎవరూ కొనరు, అందుకే నాకంత ఇష్టం.

సీసా బరువు చూసి మాత్రం మోసపోవద్దు. మందపాటి గాజుకి కూడా మనమే డబ్బిస్తున్నాం.

కొన్నాక పాడుచేసుకోకుండా తాగడంలోనూ సగం విలువ ఉంది. రెడ్ వైన్‌ని వెచ్చటి గదిలో అలాగే పోస్తే మద్యం ఘాటు ఒక్కటే ముందుకొస్తుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, 15 నుంచి 18 డిగ్రీల మధ్య తాగితే అదే వైన్‌లో పండు రుచి, పులుపు తేటగా తెలుస్తాయి. వైట్‌ని మరీ చల్లగా తాగితే వాసన మూసుకుపోతుంది, పావుగంట ముందు బయటపెడితే చాలు. మిగిలినదాన్ని చిన్న సీసాలోకి అంచుదాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెడ్ అయినా సరే. గాలి తక్కువ తగిలితే రెండు మూడు రోజులు నిక్షేపంగా ఉంటుంది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక ముఖ్యమైన రోజు కోసం నా స్థాయికి మించి ఒక సీసా కొన్నాను. తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన. షాపుకి తీసుకెళ్తే, "ఈ వైన్ ఇలాగే ఉంటుంది, అలవాటు పడాలి" అన్నారు. నేను నమ్మి ఇంటికి తెచ్చి సింకులో పోశాను. అది కార్క్ నుంచి వచ్చే టీసీఏ అనే రసాయనం వల్ల అని, ఎంత గొప్ప వైన్‌కైనా పట్టే దోషమని తర్వాత తెలిసింది. ఆ బాధ నాకింకా ఉంది, డబ్బు పోయినందుకు కాదు, నా ముక్కు సరిగ్గా చెప్పినదాన్ని నేను వినలేదని. మీకు ఆ వాసన వస్తే మొహమాటపడకండి. సీసా వెనక్కి ఇచ్చి ఇంకొకటి అడగండి, మంచి షాపువాళ్లు మారు మాట లేకుండా మారుస్తారు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు. మీ జిహ్వ ఏమంటుందో ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి: పులుపు ఎంత, నాలుక పట్టేసే వగరు ఎంత, తీపి ఉందా, నోట్లో పలచగా ఉందా బరువుగా ఉందా. వైన్ భాష రాదన్న టెన్షన్ అక్కర్లేదు. వగరు అన్న మాట తెలిసినవాళ్లకి టానిన్ అంటే ఏమిటో ఇంకొకరు చెప్పనవసరం లేదు. పది సీసాలకి మీ ఇష్టాలు మీకే కనిపిస్తాయి. షాపులో "వగరు తక్కువ, పులుపు ఎక్కువ, ఇంతకి మించి పెట్టను" అని చెప్పగలిగితే, పని తెలిసినవాళ్లు మీరు ఎప్పుడూ వినని పేరున్న సీసా ఒకటి తీసి చేతిలో పెడతారు. ఆ సాయంత్రం మాలో ఎక్కువమందికి నచ్చిన సీసా నేను అలా కొన్నదే.

వచ్చే నెల ఆ స్నేహితురాలింట్లో కూర్చుంటున్నాం. ఈసారి నాలుగూ వైట్ వైన్‌లే. కాగితం తనే చుడతానంది, అంకెలు వేసే పని నాది.